మండల కేంద్రంలోని జెడ్పీ హైస్కూలు: ఇంటి దగ్గర నుంచి వచ్చే ప్రశ్నలు, బడి నుంచి జవాబులు

జూన్‌లో బడి తెరిచిన వారం మా ఆఫీసు గది ముందున్న బెంచీ ఖాళీగా ఉండదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వస్తారు. ఒక చేతిలో కాగితాల కవరు, ఇంకో చేతిలో పిల్లాడి చెయ్యి. ఎవరిని అడగాలో తెలియక గంట కొట్టే అటెండర్ని అడిగి వెళ్లిపోయేవాళ్లు కొందరు, అసలేమీ అడగకుండానే వెళ్లిపోయేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ మళ్లీ రావాల్సిందే, కూలి పోగొట్టుకుని.

ఇరవై ఏళ్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోని మండల కేంద్రాల్లో జెడ్పీ హైస్కూళ్లలో పాఠాలు చెప్పాను. ఆ బెంచీ మీద విన్న ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. జవాబులు ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినవి, తెలంగాణలో కొన్ని పద్ధతులు వేరు. ఇంకో మాట. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, పిల్లలకు అందాల్సింది ఏమిటో గుర్తుపెట్టుకుంటే చాలు.

జిల్లా పరిషత్ హైస్కూలు అంటే గవర్నమెంటు హైస్కూలేనా?

మీకు సంబంధించినంత వరకు అవును. ఫీజు లేదు, సిలబస్ ఒకటే, పదో తరగతి పరీక్ష ఒకటే, టీచర్లకు జీతాలు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. తేడా యాజమాన్యంలో ఉంది. మీ తాతగారు దీన్ని ఇప్పటికీ 'బోర్డు హైస్కూలు' అంటుంటే ఆశ్చర్యపోకండి. మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో పల్లెల్లో హైస్కూళ్లు నడిపింది జిల్లా బోర్డులు. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చి జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక ఆ బడులన్నీ వాటి కిందకు వచ్చాయి. బోర్డు మీద పేరు మారింది, ఊళ్లో పిలుపు మారలేదు.

మామూలుగా ఆరు నుంచి పది వరకు ఉంటుంది. కొన్నిచోట్ల కింది తరగతులు కూడా కలిపారు. 'హైస్కూల్ ప్లస్' అని పెట్టినచోట ఇంటర్ కూడా ఉంటుంది. మీ మండలంలో ఏది ఎలా ఉందో ఫోన్‌లో వెతకడం కన్నా ఒకసారి బడికి వచ్చి కనుక్కోవడం మేలు.

మాది వేరే ఊరు. ఇక్కడ చేర్చుకుంటారా? ఎంట్రన్స్ రాయాలా?

చేర్చుకుంటారు. ఎంట్రన్స్ లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలకు పరీక్ష పెట్టి 'నువ్వు పనికొస్తావు, నువ్వు పనికిరావు' అని తేల్చడాన్నే ఆ చట్టం నిషేధించింది. జూన్ దాటిపోయినా, మధ్యలో వలస నుంచి తిరిగొచ్చినా చేర్చుకోవాలి. పనుల కోసం ఆరు నెలలు వేరే జిల్లాకో వేరే రాష్ట్రానికో వెళ్లి వచ్చేవాళ్లు 'ఇప్పుడు తీసుకుంటారో లేదో' అని ఏకంగా సంవత్సరం ఆగిపోతుంటారు. ఆగకండి. మర్నాడే తీసుకురండి.

ప్రైవేటు స్కూలు వాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ముందు పిల్లాణ్ణి బడికి పంపండి, టీసీ సంగతి తర్వాత. టీసీ లేదనో, ఆలస్యమైందనో చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇది ఎనిమిదో తరగతి వరకు. తొమ్మిది, పది తరగతులకు మాత్రం టీసీ అవసరం గట్టిగా ఉంటుంది. అలాంటప్పుడు మండల విద్యాశాఖాధికారికి, అంటే ఎంఈఓ గారికి, ఒక కాగితం రాసివ్వండి. మాటల్లో చెప్పి రావద్దు. కాగితం ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

ఇప్పుడు పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి కాబట్టి, పాత బడి వాళ్లు అక్కడి నుంచి పేరు 'వదిలితే' తప్ప కొత్త బడి లాగిన్‌లోకి రాదు. పిల్లాడు మా క్లాసులో కూర్చుని ఉంటాడు, కంప్యూటర్‌లో మాత్రం ఇంకా పాత బడిలోనే ఉంటాడు. ఈ తేడా వల్ల పుస్తకాలు, యూనిఫాం ఉండే కిట్టు ఆలస్యమవుతుంది, తల్లి ఖాతాలో పడాల్సిన డబ్బులు పడవు. చేరిన నెలలోపు 'మా వాడి పేరు మీ లాగిన్‌లోకి వచ్చిందా?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగే తల్లిదండ్రులు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

చేర్చేటప్పుడు ఏమేం తేవాలి?

టీసీ లేదా ప్రాథమిక పాఠశాల ఇచ్చిన రికార్డ్ షీటు, పిల్లాడి ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాసుపుస్తకం, జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు. లేనివి ఉంటే ఉన్నవాటితోనే రండి. కుల ధ్రువపత్రం గ్రామ సచివాలయంలో తీసుకోవచ్చు.

ఆధార్‌లో ఒక పేరు, రికార్డ్ షీటులో ఒక పేరు ఉంది. ఏమవుతుంది?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. నా సర్వీసులో తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్న సందర్భాల్లో ఎక్కువ భాగం మార్కుల గురించి కాదు, ఇలాంటి అక్షరాల గురించే.

మన పిల్లలకు మూడు పేర్లుంటాయి. ఇంట్లో పిలిచేది ఒకటి, అంగన్‌వాడీలో రాయించింది ఒకటి, ఆధార్ తీసినాయన ఇంగ్లిషులో టైపు చేసింది ఒకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. పుట్టిన తేదీ అయితే మరీ దారుణం. ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు సరిపోలేదని ఓ ఏడాది పెంచి చెబుతారు, జ్ఞాపకం లేక 'జూన్ ఒకటి' అని రాయించేస్తారు. ఒకే క్లాసులో పదిమందికి ఒకేరోజు పుట్టినరోజు వచ్చిన రిజిస్టరు నేను చూశాను.

బడిలో అడ్మిషన్ రిజిస్టరు అని ఒకటుంటుంది. అందులో ఉన్నదే పదో తరగతి సర్టిఫికెట్‌లో అచ్చవుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే తర్వాత పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి, పెన్షన్‌కు కూడా ఆధారం. అందుకే వరస ఇలా పెట్టుకోండి. ముందు జనన ధ్రువపత్రం సరిగ్గా ఉందో చూసుకోండి. దాని ప్రకారం ఆధార్ సరిచేయించండి. తర్వాత ఆ రెండూ జతచేసి హెచ్ఎం గారికి దరఖాస్తు ఇచ్చి, బడి రికార్డులో మార్చడానికి పద్ధతి ఏమిటో అడగండి. ఇదంతా పిల్లాడు ఆరు, ఏడు తరగతుల్లో ఉండగా చేస్తే సులువు.

పదో తరగతిలో దసరా సెలవుల తర్వాత ఎప్పుడో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు, తయారవుతాయి. ఆ రోజుల్లో మాస్టారు పిల్లలకు కాగితం చూపించి 'నీ వివరాలు సరిగా ఉన్నాయా, సంతకం పెట్టు' అంటారు. పదిహేనేళ్ల పిల్లలు ఏం చూస్తారు, పెట్టేస్తారు. ఆ వారంలో మీరే వచ్చి చూడండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక రిజిస్టరులో ఒప్పుండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే సరిచేయించుకోవచ్చు, కొంత తిరగాలి అంతే. రిజిస్టరులోనే తప్పుంటే మాత్రం అది జీవితాంతం మోయాల్సిన బరువు.

పదో తరగతి చదివే విద్యా సంవత్సరంలో ఆగస్టు 31 నాటికి, అంటే మార్చి పరీక్షకు ముందు వచ్చే ఆగస్టు నాటికి, పిల్లలకు 14 ఏళ్లు నిండాలి. వయసు తక్కువైతే మినహాయింపుకు విడిగా దరఖాస్తు, రుసుము ఉంటాయి. అది కూడా ముందే చూసుకోవాలి.

ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా?

పుస్తకం తెరిచి చూడండి, ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో అదే పాఠం ఇంకో భాషలో ఉంటుంది. ఈ రెండు భాషల పుస్తకాలు 2020-21 విద్యా సంవత్సరం నుంచి వచ్చాయి. నా మటుకు నాకు ఈమధ్య కాలంలో మన బడులకు జరిగిన మంచి పనుల్లో ఇదొకటి అనిపిస్తుంది. 'ప్రకాశ వక్రీభవనం' అర్థం కాని పిల్లవాడు పక్క పేజీ చూస్తాడు, ఇంగ్లిషులో అర్థం కానివాడు ఈ పేజీ చూస్తాడు.

పిల్లలు ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియంలోనే ఉన్నారు. క్లాసులో మాత్రం టీచరు రెండు భాషలూ కలిపే చెబుతారు. 'ఇంగ్లిష్ మీడియం అన్నారు, తెలుగులో చెబుతున్నారేంటి' అని ఒకాయన గొడవకొచ్చారు. పాఠం పిల్లాడికి ఎక్కడం ముఖ్యం, ఏ భాషలో ఎక్కిందన్నది తర్వాత.

ఐదో తరగతి అయిపోయింది కానీ మా అమ్మాయికి తెలుగు చదవడమే తడబాటు. హైస్కూలులో నెగ్గుకొస్తుందా?

దాచకుండా చెబుతాను. ఇలాంటి పిల్లలు ప్రతి ఏడాదీ వస్తారు, ప్రభుత్వ బడి నుంచీ ప్రైవేటు నుంచీ. ఆరో తరగతి మొదటి రెండు నెలలు వాళ్లకు ఎంత ముఖ్యమో చెప్పలేను. సబ్జెక్టుకో టీచరు, గంటకో పాఠం. ప్రాథమిక బడిలో ఒకే టీచరు దగ్గర ఉన్న పిల్ల ఇక్కడికొచ్చి వెనక బెంచీలో తప్పిపోతుంది. ప్రోగ్రెస్ కార్డు వచ్చేదాకా ఇంట్లో తెలియదు.

మీరు చేయగలిగిందీ ఉంది. చేర్చిన వారంలోనే క్లాస్ టీచరుకు 'మా పిల్లకు చదవడం రాదండీ' అని మీ నోటితోనే చెప్పండి. పరువు తక్కువ అనుకోకండి. చెబితే మేం ముందు బెంచీలో కూర్చోబెడతాం, వెనకబడినవాళ్లకు పెట్టే ప్రత్యేక తరగతుల్లో వేస్తాం. మీరు చెప్పకపోతే అరవైమంది ఉన్న సెక్షన్‌లో మాకు తెలిసేసరికి దసరా వస్తుంది. ఇంట్లో మీకు చదువు రాకపోయినా రోజూ రాత్రి పావుగంట గట్టిగా చదవమని పక్కన కూర్చోండి. తప్పులు దిద్దక్కర్లేదు, వింటే చాలు.

బడి మా ఊరికి ఏడు కిలోమీటర్లు. ఎలా రావాలి?

ఆడపిల్లలకు ఇప్పుడు దారి సులువైంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగపిల్లల్లో పన్నెండేళ్ల లోపువాళ్లకు ఉచిత పాసు ఉంది. ఆ తర్వాత రాయితీ పాసు తీసుకోవాలి. పాసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే బడిలో ధ్రువీకరిస్తాం. బడి తెరిచిన మొదటి వారంలోనే పెట్టేయండి, తర్వాత డిపో కౌంటరు దగ్గర క్యూ చూస్తే మీకే తెలుస్తుంది.

అసలు సమస్య పాసు కాదు, బస్సు టైము. ఉదయం 9 గంటలకు బడి మొదలైతే, మీ ఊరి బస్సు తొమ్మిదింపావుకు వస్తుంది. ఒక ఊరి పిల్లలంతా రోజూ ప్రార్థన అయ్యాక వచ్చి గేటు బయట నిలబడుతుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? ఒకచోట తల్లిదండ్రులు పాతికమంది సంతకాలతో డిపో మేనేజరుకు అర్జీ ఇస్తే బస్సును అరగంట ముందుకు జరిపారు. మేం నాలుగుసార్లు ఫోన్ చేస్తే జరగని పని అది.

షేర్ ఆటోల సంగతి కూడా అనాలి. ఆరుగురు పట్టే ఆటోలో పదిహేనుమంది, ఇద్దరు డ్రైవరు పక్కన వేలాడుతూ. రెండు ట్రిప్పులు వేయమని మీ ఊరి ఆటో అబ్బాయికి మీరే గట్టిగా చెప్పాలి.

దూరం ఎక్కువైతే కస్తూర్బా బాలికా విద్యాలయాలు, మోడల్ స్కూళ్లు, గురుకులాలు కూడా ఆలోచించండి. వాటి నోటిఫికేషన్లు వేసవికి ముందే వస్తాయి, జూన్‌లో అడిగితే ఆలస్యం.

మధ్యాహ్న భోజనం బాగుంటుందా?

చాలా రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు. ఇప్పుడు పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. గోదావరి లంకల్లో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పెట్టారు. వారంలో ఐదు రోజులు గుడ్డు ఉంటుంది, కొన్ని రోజులు రాగిజావ, చిక్కీ. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు ముద్దయిపోయే అన్నం చూసి కారియర్ తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు కంచం పట్టుకుని వరసలో నిలబడుతున్నారు.

పిల్లలకు వడ్డించేముందు ఒక టీచరు రుచి చూడాలన్నది నియమం. కూర నీళ్లగా ఉందనో, గుడ్డు చిన్నదనో మీ పిల్ల చెబితే ఊరికే తిట్టుకోకుండా ఓ మధ్యాహ్నం 12 తర్వాత వచ్చి చూడండి. తల్లిదండ్రులు వచ్చి చూసే బడిలో పప్పు చిక్కగా ఉంటుంది. ఇది ఎక్కడా రాసి లేదు కానీ నిజం.

ఏడాదికి మాకు ఎంత ఖర్చవుతుంది?

ఫీజు సున్నా. పుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, బెల్టు, బూట్లు, సాక్సులు, మూడు జతల యూనిఫాం గుడ్డ కిట్టులో వస్తాయి. దీని పేరు ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. గుడ్డ కుట్టించుకోవాలి, ప్రభుత్వం ఇచ్చే కుట్టుకూలి దర్జీ అడిగేదానికి సరిపోదు. బూట్ల సైజు బడిలో కొలత తీసేరోజు పిల్లలు తప్పకుండా రావాలి, లేకపోతే ఏడాదంతా పెద్ద బూట్లలో గుడ్డలు కుక్కుకుని నడవాల్సిందే. పదో తరగతి పరీక్ష ఫీజు 125 రూపాయలు. జ్యామెట్రీ బాక్సు, పెన్నులు, రికార్డు పుస్తకాలు మీవి. ఇవి కాకుండా 'డొనేషన్' అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి, రసీదు అడగండి.

తల్లికి వందనం డబ్బులు పక్కింటివాళ్లకు పడ్డాయి, మాకు పడలేదు. బడిలో ఆపారా?

బడిలో ఆపే అధికారం మాకు లేదు. తల్లి ఖాతాలో 13,000 రూపాయలు పడతాయి, ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ. హాజరు 75 శాతం ఉండాలి. పడకపోవడానికి నేను చూసిన కారణాలు: తల్లి ఖాతాకు ఆధార్ లింకు కాకపోవడం, చాలాకాలం వాడక ఖాతా మూసుకుపోవడం, పిల్లాడి పేరు ఇంకా పాత బడి లాగిన్‌లో ఉండటం, అర్హత నిబంధనల్లో ఏదో ఒకటి అడ్డుపడటం. మొదటి రెండిటికీ బ్యాంకుకు, మూడోదానికి మా దగ్గరకు, నాలుగోదానికి సచివాలయానికి వెళ్లాలి. ముగ్గురి దగ్గరకూ ఒకేరోజు తిరిగి ముగ్గురినీ తిట్టడం వల్ల ప్రయోజనం లేదు.

హాజరు మాటొచ్చింది కాబట్టి, మిరప కోతలు, పత్తి తీతల రోజుల్లో క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను. జనవరి, ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతిలో కొన్ని బెంచీలు ఖాళీ. సరిగ్గా అప్పుడే లెక్కల్లో త్రిభుజాలు, వృత్తాలు. పిల్లలు రోజుకు నాలుగువందలు తెచ్చి తల్లి చేతిలో పెడతారు, నాకు అది తెలుసు, అందుకే కోపం కూడా రాదు. కానీ అలా మానేసినవాళ్లు మళ్లీ వచ్చి అర్థం కాని పాఠం ముందు కూర్చోలేక పూర్తిగా మానేస్తారు. కోత ఆదివారం పెట్టుకోండి, సెలవు రోజున పెట్టుకోండి. బడి ఉన్న రోజున వద్దు.

టీచర్లు సరిపడా ఉన్నారా?

బడిని బట్టి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి కొత్తవాళ్లు చేరాక చాలాచోట్ల ఊపిరి పీల్చుకున్నాం. అయినా బదిలీలు జరిగే ఏడాదిలో పట్టణానికి దూరంగా ఉన్న బడుల్లో ఏదో ఒక సబ్జెక్టు ఖాళీ పడుతుంది. ఎక్కువగా హిందీ, ఫిజికల్ సైన్స్. ఖాళీ ఉంటే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి జిల్లా విద్యాశాఖాధికారికి, అంటే డీఈఓ గారికి, పంపితే సర్దుబాటు మీద ఎవరినైనా వేస్తారు.

ఎన్‌ఎంఎంఎస్ అంటే ఏమిటి? మా వాడు ఎనిమిదో తరగతి.

అడిగినందుకు సంతోషం. ఇది మన పిల్లల కోసమే పెట్టిన స్కాలర్‌షిప్, ప్రైవేటు బడుల పిల్లలు రాయలేరు. ఎనిమిదో తరగతిలో పరీక్ష. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, మొత్తం 48,000. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం. ఆంధ్రప్రదేశ్‌కు ఏటా 4,087 స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి.

పరీక్ష ఫీజు వందో, యాభయ్యో. ప్రశ్నలు 180. సగం తెలివితేటలకు సంబంధించినవి, సంఖ్యల వరసలు, బొమ్మల పోలికలు లాంటివి. సగం ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సోషల్. మొదటి సగం మన పిల్లలకు కొత్త. కానీ మూడు నెలలు రోజుకు అరగంట అలవాటు చేస్తే అదే వాళ్లకు ఆటలా అనిపిస్తుంది. దరఖాస్తులు బడి ద్వారానే, ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో. ఆదాయ, కుల ధ్రువపత్రాలు జూలైలోనే తెచ్చిపెట్టుకోండి.

ఇక నా అసలు బాధ. నెగ్గిన పిల్లలు కూడా డబ్బు పోగొట్టుకుంటారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. తొమ్మిదిలో డబ్బు పడుతుంది, పదిలో పరీక్షల టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు, ఇంటర్‌కు వేరే కాలేజీకి పోతారు, అక్కడివాళ్లకు ఈ సంగతే తెలియదు. పైగా తొమ్మిదో తరగతికి ప్రైవేటు బడికో, ప్రభుత్వ ఖర్చుతో నడిచే రెసిడెన్షియల్ బడికో మారితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఇంటర్‌లో కొనసాగాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. ఈ నాలుగు మాటలూ ఓ కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపల అంటించుకోండి.

పదో తరగతి పరీక్షలు ఎలా ఉంటాయి? ఫెయిలైతే?

ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, సాధారణంగా మార్చిలో. భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం యాభై చొప్పున వేర్వేరు రోజుల్లో రాస్తారు, రెండూ కలిపి సైన్సు. పాసు కావడానికి 35, రెండో భాష హిందీకి 20. డిసెంబరు నుంచి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతాం. సాయంత్రం తరగతి అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆడపిల్లలను తీసుకెళ్లడానికి ఇంటి నుంచి ఎవరో ఒకరు రావాలి. రాలేకపోతే చెప్పండి, ఆ ఊరి పిల్లలను ముందే పంపేస్తాం.

ఫెయిలైతే ఏడాది పోదు. ఫలితాలొచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఫలితాల రోజు పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. ఆ రోజు తిట్లు వద్దు.

ఇక్కడ చదివితే ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందా?

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్న ట్రిపుల్ ఐటీలు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానివి. 2008లో మొదలైనప్పటి నుంచీ ఉద్దేశం పల్లెటూరి పిల్లలే. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల కోర్సు. హాస్టల్ లేని ప్రభుత్వ, జెడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. అందుకే తొమ్మిది, పది తరగతులకు 'కార్పొరేట్‌లో వేస్తే ట్రిపుల్ ఐటీ వస్తుంది' అని ఇక్కడి నుంచి తీసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఉన్న నాలుగు శాతాన్ని డబ్బు కట్టి మరీ వదులుకుంటున్నారు. ఒక షరతు మరవకండి, పది మొదటిసారే పాసవ్వాలి.

అక్కడ రాకపోతే పాలిటెక్నిక్‌కు పాలిసెట్, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు వేరే పరీక్ష ఉన్నాయి. సొంత మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంటే దాన్ని కూడా తక్కువగా చూడకండి.

కొడతారా?

కొట్టకూడదు. శరీరాన్నే కాదు, మాటలతో మనసును గాయపరచడాన్ని కూడా చట్టం నిషేధించింది. 'రెండు తగిలించండి మాస్టారూ, అప్పుడే దారికొస్తాడు' అని మాకు చెప్పి వెళ్లే తండ్రులకూ ఇదే జవాబు.

ఆడపిల్లల సంగతి?

నెలసరి రోజుల్లో బడి మానేయాల్సిన పనిలేదు. నాప్‌కిన్లు బడిలోనే ఉచితంగా ఇస్తారు, అమ్మాయి సిగ్గుపడకుండా మేడమ్ గారిని అడగాలి. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే అది చిన్న విషయం కాదు, మంచినీళ్లు తాగడం మానేసి సాయంత్రం వరకు ఉగ్గబట్టుకునే పిల్లలున్నారు. మీకు చెబితే మీరు మాకు చెప్పండి. దారిలో గానీ బడిలో గానీ ఎవరైనా ఇబ్బంది పెడితే హెచ్ఎం గారికి చెప్పండి. బడిలో చెప్పడానికి భయమైతే 1098కి ఫోన్ చేయండి. పెళ్లి మాట తలపెట్టినా అదే నంబరుకు ఫోన్ వెళుతుంది, కొన్నిసార్లు చేసేది ఆ అమ్మాయి స్నేహితురాళ్లే.

మా అబ్బాయి తొమ్మిదిలో మానేశాడు. ఇప్పుడు పదిహేడేళ్లు.

బడికి రావడానికి మొహమాటపడితే ఓపెన్ స్కూల్ ద్వారా పది రాయవచ్చు. స్టడీ సెంటరు చాలాసార్లు ఏదో ఒక హైస్కూలులోనే ఉంటుంది. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు.

తల్లిదండ్రుల కమిటీలో ఉంటే ఏం ఒరుగుతుంది?

సంతకాలు పెట్టడానికే అనుకుంటే ఏమీ ఒరగదు. చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. బడికొచ్చే నిధుల లెక్క అడగవచ్చు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, అప్పటి నుంచి తల్లులు రావడం పెరిగింది. ఫొటోలు, ముగ్గులపోటీ, భోజనం అన్నీ బాగున్నాయి. కానీ ఆ సందడిలో మీ పిల్లాడి మార్కుల మీద పది నిమిషాలు కూడా మాట్లాడలేం. మామూలు రోజున రండి.

మా మాస్టారి దగ్గరే ట్యూషన్ పెట్టించవచ్చా?

ప్రభుత్వ టీచర్లు డబ్బుకు ట్యూషన్ చెప్పకూడదు. డౌట్లుంటే బడిలోనే అడగమనండి.

ఆటలు, పోటీలు?

వ్యాయామ ఉపాధ్యాయులున్నచోట స్కూల్ గేమ్స్ పోటీలకు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళతారు. సైన్సు మీద ఆసక్తి ఉంటే ఇన్‌స్పైర్ మనక్ అని పిల్లల కొత్త ఆలోచనల పోటీ ఉంది. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనలు పంపుతాం, ఎంపికైనవాళ్లకు నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు వస్తాయి. పొలంలో మీరు పడే ఇబ్బందే పిల్లాడికి ఆలోచన అవుతుంది. కలుపు తీసే పనిముట్టు, మోటారు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు, ఇలాంటివి పల్లె పిల్లలకు తట్టినంత సులువుగా పట్నం పిల్లలకు తట్టవు.

పదిహేనేళ్ల కింద ఇక్కడే చదివాను. ఇప్పుడు స్టడీ సర్టిఫికెట్ కావాలి, పది సర్టిఫికెట్ కూడా పోయింది.

రండి, దొరుకుతుంది. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో స్థానికత తేల్చేది ఈ స్టడీ సర్టిఫికెట్లే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల వల్ల ఎక్కడ ఎన్నేళ్లు చదివారన్నది చూస్తారు. టీచరు ఉద్యోగాలకు నాలుగు నుంచి పది వరకు, ఇంజినీరింగ్ సీటుకు ఆరు నుంచి ఇంటర్ వరకు అడుగుతుంటారు. మధ్యలో రెండేళ్లు వేరే బడిలో చదివి ఉంటే అక్కడి నుంచి కూడా తెచ్చుకోవాలి, కాబట్టి నోటిఫికేషన్ పడ్డాక కాదు, ముందే తీసుకుని పెట్టుకోండి.

పది సర్టిఫికెట్ నకలుకు చదివిన బడి హెచ్ఎం గారి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళుతుంది. హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం తెలిస్తే పని సగం అయినట్టే. తెలియకపోతే మీ అడ్మిషన్ నంబరు చెప్పండి. అదీ గుర్తులేకపోతే మీతో పాటు చేరిన ఒకరిద్దరి పేర్లయినా చెప్పండి. పాత రిజిస్టర్లు ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో ఉంటాయి, అట్టలు ఊడిపోయినవి కూడా ఉన్నాయి, కాస్త ఓపిగ్గా తిరగేయాలి. సోమవారం మాత్రం రావద్దు, ఆ రోజు ఆన్‌లైన్ రిపోర్టులతో గుమస్తా గారికి తలెత్తే తీరిక ఉండదు. మిగతా ఏ రోజైనా మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి.